ఆఖరి స్విచ్చి

“కాన్పు కేసా? పొద్దుగాల నుంచి గిది నాలుగోది,” అన్నాడు బండిని ఆపిన ధర్మా. “ఒకదాంట్ల ఎక్కి చూస్తే కడుపుకు మెత్త దిండు కట్టుకున్నరు.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఫరీద్ నవ్వలేదు. వెనక పరుపు మీద బిడ్డ ఆస్మా మూలుగుతోంది.

సకల జనుల సమ్మె. కురవి దాటి మానుకోట పోయే రోడ్డు మీద రాళ్లు పేర్చారు. రాళ్ల వెనక పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. బస్సుల్లేవు. అంబులెన్సు ఎక్కడో లారీల వెనక ఇరుక్కుంది. ఫరీద్‌కు మిగిలింది ఈ ఇల్లుబండే.

“తమ్మీ, మెత్త కాదు, నా బిడ్డ. నొప్పులు పడుతుంది.”

“అయితే తలుపు తియ్యి. చూసి పంపుతం.”

“మొగోళ్లు ఎక్కొద్దు!” లోపలి నుంచి ఫరీద్ భార్య దిల్షాద్ బేగం అరిచింది.

ధర్మా పొయ్యి వైపు తిరిగాడు. “తుల్సీబాయీ, జర నువ్వొచ్చి చూడే.”

తుల్సీబాయి గరిటె పక్కన పెట్టి లేచింది. ఆమె ఎక్కాలంటే బండి మడతమెట్టు కిందికి దిగాలి. ఫరీద్ స్విచ్చీల వైపు చెయ్యి చాపాడు.

బండి కొని నెల కాలేదు. సంతల్లో గాజులు అమ్ముకుంటూ అందులోనే ఉండొచ్చని హైదరాబాదులో తుక్కు సామాను మధ్య నుంచి తెచ్చుకున్నాడు. లోపల మంచం ఉంది, గ్యాస్ పొయ్యి ఉంది, నీళ్ల ట్యాంకు ఉంది. ఏ స్విచ్చి దేనికో చెప్పే బుక్కు లేదు. “అంతకుముందు ఎవరు తిరిగిన్రో నాకెరుక లేదు, నొక్కుకుంట నేర్చుకో,” అన్నాడు అమ్మినవాడు. స్విచ్చీల మీద రాతలు ఎప్పుడో చెరిగిపోయాయి. ఒకటి నొక్కితే ఫ్యాను తిరిగింది. ఒకటి నొక్కితే మోటారు నడిచి దిల్షాద్ కాళ్ల మీద నీళ్లు పడ్డాయి. ఇంకొకటి మెట్టు దించింది. ఆఖరిది నొక్కితే మాత్రం ఏమీ కాలేదు. తల పైన గుయ్‌మని మోత వచ్చింది, అంతే.

“బందు చెయ్ జీ,” అంది దిల్షాద్ ఆ రోజు. “ఎవరో మూలిగినట్టుంది. దాన్ని మళ్లీ ముట్టకు.”

ముట్టలేదు. ఇప్పుడు తొందరలో దాని మీదే వేలు పడింది. మెట్టు దిగలేదు. తల పైన గుయ్‌మంది.

రోడ్డు మీద నవ్వులు ఆగిపోయాయి. ధర్మా ఫరీద్‌ను చూడటం లేదు, అతని తల పైకి చూస్తున్నాడు. మెడలోని తువ్వాల తీసి చేత పట్టుకున్నాడు. తుల్సీబాయి చెవిలో ఏదో చెప్పాడు. ఆమె నడక ఆపేసింది. అప్పుడే లోపల ఆస్మా గట్టిగా అరిచింది.

“అయ్యో, తల్లి గోస చూడున్రి,” అంది తుల్సీబాయి. కొంగు నోట్లో కుక్కుకుంది.

“కాన్పని ఎందుకన్నవ్ అన్న?” ధర్మా గొంతు తగ్గింది. “ఉన్నమాట ముందే చెప్పొద్దా?”

“ఉన్నమాటే చెప్పిన తమ్మీ.”

ధర్మా రాళ్ల వైపు చెయ్యి ఊపాడు. నలుగురు వంగి రాళ్లు జరిపారు. తింటున్నవాళ్లు విస్తర్ల ముందు నుంచి లేచారు. బండి వాళ్ల మధ్య నుంచి కదిలింది.

కొంత దూరం పోయాక ఫరీద్ స్విచ్చి ఆర్పబోయాడు.

“ముట్టకు,” అంది దిల్షాద్.

“నువ్వే గదా వద్దన్నవ్!”

“అది మోగితేనే దారి ఇచ్చిన్రు. మోగనియ్యి.”

“దారి ఇచ్చింది సరే. బదులు మనల్నేం అడుగుతదో.”

దిల్షాద్ దువా చదవడం మొదలుపెట్టింది.

ముందు మళ్లీ జనం. ఆడవాళ్లు రోడ్డు మీద బతుకమ్మ ఆడుతున్నారు. బండిని చూడగానే చప్పట్లు ఆగాయి, పాట ఆగింది. వరుస రెండుగా చీలింది. ఒక ముసలామె తన బతుకమ్మలోంచి తంగేడు పూలు తీసి బండి ముందర పెట్టి మొక్కింది. ఒకతను కిటికీ దగ్గరికి వచ్చాడు. “దవాఖానకు ఫోన్ చేసినం అన్న. అంతా తయారు పెడుతరు. నువ్వు ధైర్యం చెడకు.”

ఆస్మా కిటికీ తెర సందులోంచి చూసింది. “అమ్మీ, వాళ్లు ఏడుస్తున్నరు. నన్ను చూసేనా? నేను బతకనా?”

“గట్లనకు బేటీ.”

ఆస్మా తెర వదిలి కళ్లు మూసుకుంది. పైన మోత మాత్రం ఆగలేదు.

మానుకోట దవాఖాన గేటు తీసే ఉంది. కాపలాదారు కొమురయ్య ఏమీ అడగలేదు, దవాఖాన వెనకవైపు పొమ్మని చెయ్యి చూపి బండి వెంట నడిచాడు. వెనక ఒక్కటే గది. దాని ముందు ఇద్దరు స్ట్రెచర్ పట్టుకుని నిలబడ్డారు. స్ట్రెచర్ మీద తెల్లగుడ్డ మడిచి ఉంది.

ఫరీద్ దూకాడు. “కాన్పుల గది ఇదేనా?”

“కాన్పులదా? అది ముందటుంది,” అన్నాడు కొమురయ్య. ఫరీద్ భుజం మీద చెయ్యి వేశాడు. “నువ్వు జర పక్కకు కూసో అన్న. మేం దించుకుంటం.”

ఒకతను వెనక తలుపు మీద చెయ్యి వేశాడు. లోపల చప్పుడు లేదు.

పసిగుడ్డు కేరుమంది.

తలుపు పట్టుకున్నవాడు వెనక్కి దుమికాడు. తెల్లగుడ్డ మట్టిలో పడింది.

“మొగపిల్లగాడు!” లోపలి నుంచి దిల్షాద్ కేకేసింది. “ఆస్మా మంచిగుంది. డాక్టరమ్మను పిలువున్రి!”

ఒకతను ముందటి గదుల వైపు ఉరికాడు. కొమురయ్య బండి పైకి చూశాడు, ఫరీద్‌ను చూశాడు.

“మరి గదేంది అన్న?”

ఫరీద్ బండి ముందుకు నడిచాడు. కురవి నుంచి అందరూ చూసింది, తాను చూడనిది, తల ఎత్తి చూశాడు. టాపు మీది నల్లపలక మీద ఎర్ర అక్షరాలు ఒకదాని వెంట ఒకటి జరుగుతున్నాయి:

“అమరుడైన మన బిడ్డ ఇంటికి వస్తున్నాడు. దారి ఇవ్వండి.”