నొక్కినవాడు

బస్సులో కునికిపాట్లు పడుతున్న ముసలావిడ సంచిలోంచి ఫోను నొక్కేయడానికి దూదివేళ్ళకి మూడంటే మూడు క్షణాలు పట్టింది.

ఆ పేరు తోటివాళ్ళు ముద్దుగా పెట్టింది. అతని చెయ్యి జేబులోకి వెళ్ళి వస్తే దూదిపింజ వాలి ఎగిరిపోయినట్టే ఉండేది. అద్దెగది ఉన్న వీధిలో మాత్రం అందరికీ అతను ఫోన్లు బాగుచేసే మనిషి. అందుకే మంచం కింద రేకుపెట్టెలో ఇరవై మూడు ఫోన్లున్నా ఎవరికీ అనుమానం రాలేదు. నెలంతా పోగేసి ఒకేసారి అమ్మేయడం అతని పద్ధతి. అమ్మే రోజు ఎల్లుండే.

తర్వాతి స్టాపులో దిగి, నాలుగు సందులు తిరిగి, గదికి చేరి గడియ పెట్టాక గానీ కొత్త సరుకు బయటికి తియ్యలేదు. తీసి చూసి నీరుగారిపోయాడు. అంచులు అరిగిన పాత ఫోను. పైగా దాని వెనకాల చొక్కా గుండీ అంత ఎర్ర మీట ఒకటి అతికించి ఉంది. ఫోన్లలో పుట్టి పెరిగినవాడే అయినా ఇలాంటిది అతను ఎన్నడూ చూడలేదు. ఆపేసే మీట ఇదేనేమో అనుకుని నొక్కాడు.

"ఇంటికి చేరానని కబురు పంపించాను" అంది ఫోను తియ్యటి గొంతుతో.

దూదివేళ్ళు ఉలిక్కిపడ్డాడు. కంగారులో టకటకా ఇంకో రెండుసార్లు నొక్కాడు. ఈసారి చిన్నపిల్ల గొంతు వినిపించింది.

"అమ్మమ్మా, కళ్ళలో చుక్కలు వేసుకున్నావా? నిజం చెప్పు. నవ్వుతున్నావంటే వేసుకోలేదన్నమాట!"

నిజానికి నవ్వింది దూదివేళ్ళే. తను నవ్వినట్టు తెలిసి, తనకే సిగ్గేసింది.

సిమ్ము తీసేద్దామని సూది వెతికేలోగా ఫోను మోగింది. ఎత్తకూడదు. పదేళ్ళ అనుభవం ఆ మాటే చెప్పింది. వేలు మాత్రం వినలేదు.

"ఎవరు నాయనా? పక్కింటావిడ ఫోన్లోంచి చేస్తున్నాను. నా ఫోను నీకు దొరికిందా?"

దొరికిందా అంటోందే గానీ కొట్టేశావా అనడం లేదు. అతనికి ప్రాణం లేచివచ్చింది.

"అవునండీ మామ్మగారూ. బస్సులో, సీటు కింద..."

"ఎంత మంచివాడివి నాయనా! నాకు చూపు ఆనదు. తెరమీద అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. అందుకని మా మనవరాలు ఆ మీట తెచ్చి, దేనికి ఎన్నిసార్లు నొక్కాలో ఫోనుకి నేర్పించింది. ఒకసారి నొక్కితే ఇంటికి చేరానని దానికి కబురు. రెండుసార్లకి మందు గుర్తుచేస్తుంది. నొక్కి పట్టుకుంటే దానికే ఫోను వెళుతుంది. అది లేకపోతే నాకు చెయ్యి విరిగినట్టే."

ఎంత మంచివాడివి! ఇంతవరకూ ఆ మాట అతన్ని ఎవరూ అనలేదు. అనే అవకాశం కూడా అతను ఎవరికీ ఇవ్వలేదు.

"ఎక్కడికి తెచ్చివ్వమంటారు?" అన్నాడు. అన్నది తనేనా అని అతనికే అనుమానం వచ్చింది.

"నాలుగింటికి ఊరి చివర కంటి ఆసుపత్రికి వెళ్ళాలి. గేటు దగ్గర మందులషాపు ముందు కూర్చుంటాను. మీ ఆవిడని కూడా తీసుకురా, ఇద్దరినీ దీవిస్తాను."

"నాకెవరూ లేరండీ. ఒక్కణ్ణే."

"అయ్యో, ఒక్కడివేనా! ఇంట్లో మంచినీళ్ళిచ్చే దిక్కు కూడా లేదా! సరేలే, తప్పకుండా రా. నేను ఆలస్యమైనా వెళ్ళిపోకు. ఆ డాక్టరు ఒక్కోసారి గంటలకొద్దీ కూర్చోబెడతాడు."

దూదివేళ్ళు గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఫోను మీది మరకలు పంచెకొంగుతో తుడిచాడు. దారిలో బస్సులో రెండు జేబులు నోరు తెరుచుకుని పిలిచినా, చేతులు కట్టుకుని బుద్ధిగా నిలబడ్డాడు.

ఆసుపత్రి గేటు దగ్గర నాలుగయింది, ఐదయింది. కంటికి కట్టుతో బయటికొచ్చిన ప్రతి ముసలావిడకీ ఎదురెళ్ళి, "మామ్మగారూ, మీరేనా?" అని అడిగాడు. ఒకావిడ కసురుకుంది. ఇంకొకావిడ అతన్ని చూసి సంచి గట్టిగా పట్టుకుంది. ఆ పని మటుకు అతని మనసు నొప్పించింది. మీట నొక్కి పట్టుకుంటే ఫోను మోగింది గానీ, అవతల ఎవరూ ఎత్తలేదు. ఆరింటికి కాపలావాడు గేటు మూసేశాక, ఆవిడకి ఒంట్లో బాగాలేదేమోనని బెంగపడుతూ ఇంటిదారి పట్టాడు.

తలుపుకి వేసిన తాళం వేసినట్టే ఉంది. గదిలో దుప్పటి కూడా చెదరలేదు. ఎందుకో వంగి మంచం కింద పెట్టె లాగితే, చేతికి తేలిగ్గా వచ్చేసింది.

ఇరవై మూడింటిలో ఒక్కటి మిగల్లేదు.

దూదివేళ్ళు పెట్టెని తలకిందులు చేసి దులిపాడు. ఇంటికి చేరానన్న కబురుతో పాటు ఆ ఇల్లెక్కడో కూడా వెళ్ళిపోయిందని అప్పుడు తట్టింది. అంటే పోలీసులు! వల పన్ని పట్టుకున్నారు! ఉన్న నాలుగు బట్టలూ సంచిలో కుక్కుతుండగా జేబులో ఫోను మోగింది.

"ఇంటికి చేరావా నాయనా?"

"మీరు... మీరు పోలీసులా?"

"ఛీ, ఛీ! అంతంత మాటలెందుకు?" మామ్మగారు బాగా నొచ్చుకుంది. "నలభై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, ఒక్కసారీ వాళ్ళ కంటపడలేదు. కాకపోతే బస్సులెక్కి ఒక్కో జేబూ కొట్టాలంటే ఈ మధ్య మోకాళ్ళు సహకరించడం లేదు నాయనా, అందుకని నీలాంటి పిల్లలు నెలంతా కష్టపడి పోగేశాక ఒక్కసారే వెళ్ళి తెచ్చుకుంటున్నాను."