మూడో కప్పు

"పండిన కాఫీలో సగం మీరే తాగేస్తున్నారు. అది తగ్గించి ఎగుమతి పెంచితేనే అప్పు," అన్నాడు పరదేశపు దూత, రెండో కప్పు చప్పరిస్తూ.

దుబాసీనైన నేను ఆ మాట మా భాషలో చెప్పాను. పాత బాకీలే తీర్చలేని మా మంత్రి గంగిరెద్దులా తలాడించాడు.

మా అడిస్ అబాబాలో మూడో కప్పు ఆశీర్వాదం. అది తాగందే అతిథిని లేవనివ్వం.

మూలన కుంపటి మీద కాఫీ కాస్తున్న అస్కాలె నిప్పుల మీద నీళ్లు కుమ్మరించింది.

"మూడోది పొయ్యవేం?" మంత్రి గదిమాడు.

"తగ్గిస్తామని మీరేగా తలూపారు అయ్యగారూ. మీ ఇద్దరితోనే మొదలెడుతున్నా."

దూత సిగ్గుపడతాడని, ఆమె మాటలు ఒక్క ముక్క మార్చకుండా అతని భాషలో చెప్పాను.

అతను సంతోషంగా ఫైల్లో రాసుకున్నాడు: "అమలు మొదలైంది."