ముట్టని స్పోకు

పంచరు తాత పేరెత్తితే చాలు, వదిన మండిపడేది.

"ఇవాళ ప్యాచీ వేశాడు, మర్నాటికల్లా మా ఆయన్ని మింగేశాడు!"

ముందు టైరు పేలి, బండి మీంచి పడి అన్న పోయినప్పట్నించీ, నాలుగేళ్లుగా అదే మాట. వీధి వీధంతా నమ్మింది. గడప తొక్కేవాళ్లు లేక తాత దుకాణం మూతపడింది.

అన్న బండి తుక్కు కింద పోయింది. ముందు చక్రం ఒక్కటి వెనక గదిలో మిగిలింది. టైరు లేదు. ట్యూబు ఏమైందో ఎవరూ అడగలేదు.

ఆదివారం వచ్చిందంటే తమ్ముడు స్టూలు తిరగేసి, దాని కాళ్ల మధ్య ఆ చక్రాన్ని ఎక్కించేవాడు. పక్కనే ఒక మేకు కట్టి తిప్పేవాడు. రిమ్ము మేకుకు రాసుకున్నచోట స్పోకు వదులు చేయడం, మళ్లీ తిప్పడం. టింగ్, టింగ్. నాలుగేళ్లయినా దాని వంకర పోలేదు. ఎంత గట్టిగా తిప్పినా చక్రం చివరికి కాస్త వెనక్కి ఊగి, ఒకే స్పోకు కిందికి వచ్చేలా ఆగేది. తమ్ముడు ఆ స్పోకును మాత్రం ముట్టుకునేవాడు కాదు.

"మీ అన్న ఉన్నన్నాళ్లూ ఆ బండి మీద చెయ్యి వేసిన పాపాన పోలేదు. ఇప్పుడెందుకయ్యా ఈ సేవ?" వదిన దెప్పేది.

తమ్ముడు చక్రాన్ని ఇంకోసారి తిప్పేవాడు.

ఒక శనివారం తాతే గుమ్మంలోకి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. చూపు సరిగా ఆనడం లేదు.

"తిడితే తిట్టమ్మా. ఒక్కసారి ఆ చక్రం తడిమి చూసుకోనీ. స్పోకు బిగిస్తే దాని కొన రిమ్ము లోపలికి పొడుచుకొస్తుంది. టైరు విప్పి, ఆకురాయితో అరగదీయకపోతే ట్యూబును లోపల్నించి చీరేస్తుంది. తప్పు నా ప్యాచీదా, ఇంకోటా? అది తేలకుండా నాకు చావు కూడా రాదు."

వదిన వెనక్కి తిరిగి, వెనక గది గుమ్మంలో నిలబడి వింటున్న తమ్ముడి వైపు చూసింది.

"రేపు పొద్దున రండి" అంది తాతతో.

తెల్లారేసరికి వెనక గదిలోంచి చప్పుడు. టింగ్ టింగ్ కాదు.

"ఏంటయ్యా ఆ గరగర?"

"తుప్పు వదినా."

తాత వచ్చాడు. చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని, రిమ్ము లోపలంతా వేలితో తడిమాడు. ఒక చుట్టు. మళ్లీ ఇంకో చుట్టు. మూడోసారీ అంతే.

"ఎక్కడా ఏమీ లేదమ్మా. నున్నగా ఉంది." చక్రాన్ని కింద పెట్టాడు. "నువ్వన్నదే నిజం. నేనే మింగాను నీ మొగుణ్ణి."

నాలుగేళ్లలో మొదటిసారి వదిన ఆయన్ని తిట్టలేదు. గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి చేతికిచ్చింది.

పెరట్లో కుళాయి కింద తమ్ముడు చేతులు రుద్ది రుద్ది కడుక్కుంటున్నాడు. అన్న సంతోషపడతాడని, అన్నకు చెప్పకుండా, టైరైనా విప్పకుండా తాను బిగించిన ఆ స్పోకు కొన, రెండు బియ్యపు గింజలంత ఇనుము, నాలుగేళ్లు ఆలస్యంగా అరిగి, గోళ్ల సందుల్లోంచి నల్లగా కారిపోతోంది.