వకీలు సారు ఎర్ర కారు

గొలుసు కప్పీకి వేలాడుతున్న ఇంజను అంగుళం అంగుళం కిందికి దిగుతోంది. యాకయ్య కళ్ళు దాని మీదే ఉన్నాయి గానీ, మనసు మాత్రం జైలు గోడల దగ్గరుంది.

జనగామలో సూర్యాపేట రోడ్డు మీద అతని మెకానిక్ షెడ్డు. షెడ్డులో వకీలు గోవర్ధన్ గారి ఎర్ర ఎంజీ కారు నోరు తెరుచుకుని నిలబడి ఉంది. రెండే సీట్లు, నెత్తిన కప్పు లేదు. బట్టల దుకాణం జోరుగా సాగిన రోజుల్లో గోవర్ధన్ తండ్రి ముచ్చటపడి కొన్న ఇంగ్లండు స్పోర్ట్స్ కారది. తెలంగాణ ఉద్యమం ఊపులో నంబరు పలక మీద ఏపీ అక్షరాలు చెరిపేసి టీజీ అని రాయించారు. అంతా బాగానే ఉంది, బండి కదిలితేగా! అసలు ఇంజను పగిలి ఏళ్ళయింది. అలాంటిది ఎంత వెతికినా దొరక్క, భూపాలపల్లిలో తుక్కు కింద పడి ఉన్న ఒక అంబాసిడర్ ఇంజను తెప్పించారు. వింతేం కాదు, ఆ రెండు ఇంజన్ల పుట్టిల్లు ఒకటే. కాస్త అటూ ఇటూ చేస్తే కుదురుకుంటుంది.

ఆ కాస్త అటూ ఇటూయే యాకయ్య ప్రాణం తోడేస్తోంది. బయట సకల జనుల సమ్మె. బస్సు లేదు, రైలు లేదు, వకీళ్ళు కోర్టులు బహిష్కరించారు. హైదరాబాదు నుంచి ఒక్క రబ్బరు ముక్క వచ్చే దారి లేదు. ఉన్నవాటినే అరగదీసి, అతికించి, కూర్చోబెడుతున్నాడు.

"ఏందయ్యా, గా డొక్కు బండి ముంగట కూసుంటే మన పోరడు ఇంటికొస్తడా?" అంటూ భార్య దుర్గమ్మ సద్ది గిన్నె ఠపీమని పెట్టింది. "మానుకోటల రైలు ఆపినోళ్ళు అందరు సమ్మెకు ముంగటనే బయటికొచ్చిన్రు. మన రవీందర్ ఒక్కడే జైల్ల మిగిలిండు. బెయిల్ తెచ్చుడు గా వకీలుకు చాతనైతదా, కాదా?"

"సారు చేస్తనన్న పని చేస్తుండు. నువ్వు జర నిమ్మలంగుండు."

"ఎట్లుండాలె నిమ్మలంగ? శ్యాం పోయిన కాన్నుంచి వాడు సరిగ తిండి సుత తినలే. గా జైల్ల ఎవలు చూస్తరు వాన్ని?"

శ్యాం రవీందర్‌కు ప్రాణ స్నేహితుడు. ఇక తెలంగాణ రాదేమోనన్న దిగులుతో ప్రాణం తీసుకున్నాడు. ఆ పేరు చెవిన పడగానే యాకయ్య మళ్ళీ ఇంజను మీదికి వంగాడు.

"జైల్ల మంచిగనే చూస్తరు. ఒక్కన్ని అసలే ఇడిచిపెట్టరు," అన్నాడు.

"నువ్వు కన్నతండ్రివేనా?" అని దుర్గమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మర్నాడు యాకయ్య స్కూటర్ మీద జైలుకు వెళ్ళాడు. రవీందర్ సగానికి సగం చిక్కిపోయాడు.

"నాయినా, ఎప్పుడు తీస్కపోతవ్?"

"ఇంజను పని ఒడువనియ్యి బిడ్డా."

"జల్ది చెయ్యి. బయట నాకో పనున్నది."

యాకయ్య కొడుకు కళ్ళలోకి చూడలేకపోయాడు. తిరుగు దారిలో స్కూటర్ పక్కన ఆపుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. కళ్ళు తుడుచుకుని నేరుగా షెడ్డుకే వచ్చాడు. మిగతా బళ్ళన్నీ తిప్పి పంపేశాడు. తిండీ అక్కడే, పడకా అక్కడే.

గోవర్ధన్ రోజూ వచ్చి చూసిపోతున్నాడు. కారు బాగవుతున్నకొద్దీ మనిషి ముఖం మాత్రం వాడిపోతోంది.

"నా మనసొప్పుతలేదు యాకయ్యా. నిన్న దుర్గమ్మ వచ్చి నా కాళ్ళ మీద పడ్డది. ఏం చెప్పాలె నేను?"

"మీరు మాటిచ్చిన్రు సార్. మీ కారును నేను నిలబెడ్త. నా కొడుకును మీరు నిలబెట్టాలె."

వకీలు తల ఊపి బయటికి నడిచాడు.

చివరికి క్లచ్చు కుదిరింది, రేడియేటరు కుదిరింది. యాకయ్య సెల్ఫ్ కొట్టాడు. ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ కొట్టాడు. ఇంజను దగ్గింది, నల్లటి పొగ కక్కింది, ఆగిపోయింది. ఇంకోసారి కొట్టేసరికి ఒక్కసారిగా అందుకుని షెడ్డు రేకులు అదిరేలా మోగింది. గోవర్ధన్ తన వయసు మరిచి చప్పట్లు చరిచాడు. దుర్గమ్మ కారు మూతికి పసుపు కుంకుమలు పెట్టి కొబ్బరికాయ కొట్టింది.

"బండి నడిచింది సారూ. ఇగ నా కొడుకును నాకు తెచ్చియ్యుండ్రి," అని చేతులు జోడించింది.

గోవర్ధన్ నవ్వు ఆగిపోయింది.

"దుర్గమ్మా, వకీళ్ళం కోర్టు బహిష్కరణ ఆపేసినం. సోమవారం రవీందర్ బెయిల్ సంగతి జడ్జి ముందటికి పోతది. ఈసారి వచ్చినట్టే."

"నా తల్లే! నా బిడ్డ వస్తుండు!" దుర్గమ్మకు కాళ్ళు నేల మీద నిలవలేదు. వాడకట్టంతా చెప్పడానికి అప్పటికప్పుడే పరుగెత్తింది.

యాకయ్య తాళం తిప్పి ఇంజను ఆపాడు. దుర్గమ్మ మూల మలుపు తిరిగేదాకా చూశాడు. ఆ తర్వాత గ్రీజు చేతులతోనే వకీలు కాళ్ళు గట్టిగా పట్టుకున్నాడు.

"ఎట్లన్న జేసి ఇంకొన్ని దినాలు బెయిల్ రానియ్యకుండ్రి సార్, శ్యాం కాష్టం కాడ 'నీ ఎనకాలనే వస్తున్న' అని ఒట్టు పెట్టుకున్నోడు, బయటికొస్తే నాకు దక్కడు!"