వారానికి పద్నాలుగు మాత్రలు

పాత వంతెనను ఏరు ఎత్తుకుపోయిన వరద ఏడాది అది. ఊళ్ళో ప్రతి ఇంటి సామానూ నీళ్ళు తాగింది. అందరికీ నష్టమే. పెద్దాయన మరమ్మతు కొట్టుకు మాత్రం ఊపిరాడనంత పని వచ్చిపడింది.

పనితోపాటు మోకాళ్ళ నొప్పీ వచ్చింది. రెండు రోజులు నీళ్ళలో నిలబడి కొట్టు ఖాళీ చేసిన ఫలం.

డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చింది.

"తాతగారూ, ఎనిమిది కొట్టగానే ఒకటి వేసుకోండి. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. వారానికి పద్నాలుగు. మర్చిపోకండేం!"

పెద్దాయన తలూపాడు. ఆయన నోట మాట రప్పించడమంటే ఎండిన బావిలో చేద వెయ్యడమే. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన తనతో అన్న మాటలన్నీ కలిపినా ఒక కొంగుముడికి రావని భార్య అంటూంటుంది.

పద్నాలుగు మాత్రలూ రెండు రోజుల్లో అయిపోయాయి.

"ఏవండీ, మాత్రలేవీ?"

"అయిపోయాయి."

"వారం మాత్రలు రెండు రోజుల్లో ఎలా అయిపోతాయండీ?"

"వేసుకున్నాను."

ఎక్కడో పారేసుకుని ఉంటాడని ఆవిడ మళ్ళీ పద్నాలుగు కొనుక్కొచ్చింది. అవీ రెండు రోజులే.

అయిదో రోజుకు పెద్దాయనకు తిండి సహించలేదు. కడుపులో మంట. చెవుల్లో కీచురాళ్ళ రొద. లేచి నిలబడితే నేల ఉయ్యాలలా ఊగింది.

డాక్టరమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

"రోజుకు ఏడా! మందు కదా అని మనం మింగుతూ పోతే, అది మనల్ని మింగుతుంది తాతగారూ. ఇంకో పది రోజులు ఇలాగే అయితే చెవులు పోతాయి, మూత్రపిండాలూ పోతాయి. ముందు ఆ మాత్రలు ఆపండి. అసలు నేను చెప్పిందేమిటి, మీరు చేసిందేమిటి?"

"మీరు చెప్పిందే చేశాను."

ఆవిడ ఇక ఆయన్ను అడగలేదు. భార్యను పక్కకు పిలిచి, "మతిమరుపేమో, కనిపెట్టి ఉండండి" అంది.

సాయంత్రం కొడుకు వచ్చాడు. బస్సు నడుపుతాడు. కోపమూ బస్సంతే, ఒకసారి బయల్దేరితే మధ్యలో ఆగదు.

"అమ్మా, నాన్నకు వేసుకున్నది గుర్తుండట్లేదు. ఇవాళ మాత్రలు మింగాడు, రేపు కొట్టులో స్క్రూలు మింగుతాడు. కొట్టు మూసేద్దాం. తాళంచెవి ఇలా ఇచ్చెయ్."

"కొట్టు మూస్తే మీ నాన్న మంచం పడతాడురా."

"మూయకపోతే పాడె ఎక్కుతాడు!"

"నోర్ముయ్. మొన్న బస్సు తాళం జేబులో పెట్టుకుని ఊరంతా వెతికింది ఎవర్రా? నీ బస్సు మూయించమన్నానా?"

"అది వేరమ్మా!"

"వేరూ లేదు, కాండమూ లేదు. రేపొక్క రోజు ఆగు."

పక్క గదిలో పెద్దాయన అంతా విన్నాడు. కొట్టు తాళంచెవి తీసి దిండు కింద పెట్టుకున్నాడు.

తెల్లవారాక ఆవిడ మాత్రల డబ్బా నిండా పిప్పరమెంటు బిళ్ళలు పోసి, ఎప్పటిలాగే కొట్టులో ఆయన కుడిచేతి పక్కన పెట్టింది. బొత్తాలూడిన చొక్కాలు ఒళ్ళో వేసుకుని స్టూలు మీద కూర్చుంది.

"ఇక్కడెందుకు?" అన్నాడు పెద్దాయన.

"ఇంట్లో వెలుతురు చాలట్లేదు."

ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని పనిలోకి వంగాడు. ఒకసారి వంగితే ఆయనకు పొద్దెక్కిందీ తెలియదు, వాలిందీ తెలియదు.

ఆవిడ రెండో బొత్తాం కుడుతుండగా ఆయన చెయ్యి డబ్బాలోకి వెళ్ళింది. ఒక బిళ్ళ నోట్లో పడింది. చూపు మాత్రం పని మీదే.

నాలుగో బొత్తాం దగ్గర ఇంకోటి.

"ఇప్పుడేగా వేసుకున్నారు" అన్న మాట ఆవిడ నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది. భోజనాలయ్యాక మూడోది, కాసేపటికే నాలుగోది. కొడుకు అన్నదే నిజమేమో. ఇక తాళం ఇవ్వాల్సిందేనేమో.

"మందు మార్చావా?" ఉన్నట్టుండి అడిగాడు పెద్దాయన.

"ఏం?"

"బాగుంది."

ఆవిడ కళ్ళు ఒత్తుకుంది. మళ్ళీ సూది పట్టుకుంది. అయిదోసారి ఆయన చెయ్యి లేచింది.

సూది ఉన్నచోటే ఆగిపోయింది. ఆవిడ తలెత్తి కొట్టంతా ఒకసారి కలయజూసింది. తర్వాత నవ్వు మొదలైంది. పొట్ట పట్టుకుని నవ్వింది. ఒళ్ళో బొత్తాలన్నీ నేల మీద పడి దొర్లాయి.

"ఏమైందే నీకు?"

ఆవిడ లేచి వెళ్ళి ఆయన చెవిలో ఒక్క ముక్క చెప్పింది.

పెద్దాయన భూతద్దం తీశాడు. గోడ వైపు చూశాడు. "ఓరి నా బుద్ధి మండా!" అన్నాడు. ఆయనా నవ్వాడు. బల్ల మీది పనిముట్లు గలగలలాడేంత నవ్వు.

సాయంత్రం కొడుకు చెయ్యి చాపాడు. "తాళమేదమ్మా?"

"ఇవ్వను. మీ నాన్న మతి నిక్షేపంలా ఉంది. డాక్టరమ్మ మాట పొల్లుపోకుండా పాటించాడు."

"మరి రోజుకు ఏడు?"

"ఏడూ వేళకే వేసుకున్నాడు నాయనా."

కొడుకు తల్లి నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. ఈవిడకూ అంటుకుందా అని.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన కొట్టు తెరిచి, మరమ్మతుకు వచ్చి గోడ మీద ఒక్కోటి ఒక్కో వేళకు ఎనిమిది కొడుతున్న ఏడు గడియారాల్లో, ఆరు గడియారాల గంట సుత్తులకు గుడ్డపీలికలు చుట్టాడు.