వియ్యంకుడి పిల్ల

పెద్ద వరద వచ్చి వెళ్ళిన రెండో ఏడు. నీళ్ళు ఎప్పుడో తీశాయి. జూలో బావురుపిల్లుల్ని చూసుకునే కీపరు కడుపులో మాత్రం ఇంకా తీయలేదు.

బావురుపిల్లి అంటే నీళ్ళలో దిగి చేపలు పట్టే అడవిపిల్లి. మడుగులు పూడిపోయి బయట ఆ జాతి తగ్గిపోయింది. అందుకని ఒక జూలో పుట్టిన ఆడదాన్ని ఇంకో జూకి పంపి జత కడతారు. అలా పిల్లనిచ్చి పుచ్చుకున్న కీపర్లు వియ్యంకులు. మొదట ఎవరో సరదాకి అన్నారు. తర్వాత అదే వరస అయి కూర్చుంది.

కీపరు తన చుక్కమ్మని అలాగే ఇచ్చాడు. తల్లి వదిలేస్తే ఇంటికి తెచ్చి సీసాపాలు పట్టి పెంచాడు దాన్ని.

"నేను కన్నవాళ్ళని ఒక్కనాడూ ఎత్తుకున్న పాపాన పోలేదు. దీన్ని మాత్రం ఒళ్ళోంచి దించవు," అని ఇల్లాలు దెప్పేది. దెప్పుతూనే పాలు కాచేది. చుక్కమ్మని ఏటి ఒడ్డునున్న జూకి పంపిన రోజు ఇద్దరూ అన్నం ముట్టలేదు.

ఏడాది తిరక్కుండా వరద. చుక్కమ్మ పోయిందని కబురు. వియ్యంకుడు తన ప్రాణం చూసుకుని గోడెక్కాడనీ, చుక్కమ్మ వాడి కళ్ళముందే కొట్టుకుపోయిందనీ జంతువుల్ని చేరవేసే వ్యాను డ్రైవరు చెప్పాడు.

ఆ తర్వాత వియ్యంకుడు ఎన్నిసార్లు ఫోన్ చేసినా కీపరు ఎత్తలేదు. ఎత్తమని ఎవరైనా అంటే, "వాడి గొంతు వింటే చెవులు కడుక్కోవాలి," అనేవాడు.

ఇప్పుడు ఆ జూ నుంచే ఒక ఆడపిల్లి వచ్చింది. ఈడొచ్చిన పిల్ల. ఇక్కడున్న మగదానికి ఇవ్వాలి. ఆ మగది చేపల వలలో చిక్కి గాయాలతో వచ్చిన అడవి జంతువు. అందరూ మొరటోడు అంటారు.

"మీ వియ్యంకుడు దీన్ని చేతుల్లో పెట్టుకుని పెంచాడట," అంది జూ డాక్టరమ్మ. "వ్యాను ఎక్కించేటప్పుడు ఏడ్చాడట. అలవాట్లవీ నీకే చెప్తానంటున్నాడు. ఒక్కసారి ఫోన్ ఎత్తవయ్యా."

"ఏడ్చాడా?"

"బాగా ఏడ్చాడట."

"మంచిది."

రెండు గదుల మధ్య వలతలుపు. ముందు ఆ వల సందుల్లోంచే రెండూ వాసన చూసుకోవాలి. గుర్రుమనడం మానాలి. చెంపలు వలకి రుద్దుకోవాలి. అప్పుడే తలుపు తీయాలి. తొందరపడితే మగది ఆడదాని మెడ కొరికి చంపేస్తుంది.

"తలుపు నీ ఇష్టం. నీకు సరే అనిపించిన రోజు తీయి," అంది డాక్టరమ్మ.

ఆ పూట కీపరు ఇంట్లో రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

"ఏమయ్యా, వరద తర్వాత ఇవాళా నీకు ఆకలేసింది?" అంది ఇల్లాలు.

"వాడి బిడ్డ నా చేతికి చిక్కింది."

ఆమె గరిటె కింద పెట్టింది. "అదేం చేసింది నీకు?"

"చుక్కమ్మ ఏం చేసింది వాడికి?"

"నోరులేనిదాని ఉసురు పోసుకోకు."

"కడుపుకోత అంటే ఏమిటో వాడికీ తెలియాలి. నువ్వు మజ్జిగ పొయ్యి."

పిల్ల మాత్రం అతను చేపలు తెస్తే చాలు, ఎదురొచ్చేది. తల వంచి కటకటాలకి ఆనించేది. గోకమన్నట్టు అలాగే నిలబడేది. 'వాడు నేర్పిన వేషాలు,' అనుకుని కీపరు చేప విసిరేసి వెళ్ళిపోయేవాడు. పక్కగదిలో మొరటోడు వెంట్రుకలు నిక్కబొడుచుకుని తిరుగుతూనే ఉండేవాడు. గుర్రుమనడం ఒక్కనాడూ మానలేదు.

ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ ఏనుగు కాలికి కట్టు కట్టడానికి వెళ్ళింది. కీపరు గొలుసు లాగాడు. వలతలుపు పైకి లేచింది. వెనక్కి చూడకుండా కుళాయి దగ్గరికి వెళ్ళి, ధార పెద్దది చేసి, కడిగిన బక్కెట్టునే మళ్ళీ కడిగాడు.

కుళాయి కట్టేసరికి అంతా సద్దుమణిగింది.

"గుర్రుమనడం మానాయి కదా అని తీశాను," అన్నాడు డాక్టరమ్మతో.

ఆమె తిట్టలేదు. చచ్చిపడున్న పిల్ల మెడ కింద చెయ్యి పెట్టి చూసింది. "ఆయనకి ఏమని చెప్పను?" అంది.

"నేను చెప్తాలెండి. వియ్యంకుణ్ణి కదా."

పగ తీరింది. కానీ సగమే. అవతలివాడి ఏడుపు చెవులారా వింటే గానీ మిగతా సగం తీరదు.

మర్నాడు పొద్దున్నే కీపరు మొహం కడుక్కుని, తల దువ్వుకుని, జూ ఆఫీసుకి వెళ్ళి తనే వియ్యంకుడికి ఫోన్ చేశాడు. చెప్పాల్సిన మాట నాలుక చివర పెట్టుకున్నాడు. కానీ తనెవరో చెప్పగానే అవతలి గొంతు సంతోషంగా అందుకుంది.

"బావగారూ, కళ్ళు తెరిచాక కబురు చేద్దామనుకున్న కూన, నీళ్ళలో మునిగిపోతూ చుక్కమ్మ నోట కరిచి తెచ్చి నా చేతికందించిన కూన, దాన్ని ఎప్పటికైనా మీ ఇంటికే చేర్చాలని ఇన్నాళ్ళూ పెంచాను, మీ మనవరాలు మీకు మాలిమి అయిందా?"