ఉబ్బిన బ్యాటరీ

ఆ ముసలాయన మోచేతుల దాకా చెత్త బిన్‌లో చేతులు దించి దేనికోసమో వెతుకుతున్నాడు.

పిల్లల డైపర్లు, పాచిపోయిన బిర్యానీ, నల్లబడ్డ అరటిపళ్ళు. రబ్బరు తొడుగుల మీదుగా ఏదో జిగట కారుతోంది.

కారు తీయబోతున్న రఘువీర్ బ్రేక్ మీద కాలు వేసి చూశాడు.

"ఛీ! అమెరికాలో కూడా పొద్దున్నే ఏమిటీ దరిద్రం?" అంది పక్క సీట్లోంచి అతని భార్య రష్మి. "మనవాళ్ళలాగే ఉన్నాడు."

"తెలుగాయనే. ప్రతి ట్రాష్ డేకీ, చెత్త బండి వచ్చే రోజల్లా, ఇదే సీన్. ఈ కాంప్లెక్స్‌లో ఉండేవాడు కూడా కాదు."

"కొడుకు ఏ కంపెనీలో ఉన్నాడో గానీ, చూస్తే సిగ్గుతో చచ్చిపోతాడు."

రఘువీర్ కారు అద్దం దించాడు.

"ఏం వెతుకుతున్నారండీ?"

"బ్యాటరీలు బాబూ. పాత లాప్‌టాప్‌లవీ, ఫోన్లవీ. ఇక్కడ అందరూ కంప్యూటర్ వాళ్ళే కదా, ఇక్కడే ఎక్కువ దొరుకుతాయి."

"తీసుకెళ్ళి అమ్ముకుంటారా?"

"అమ్మడమెందుకు? రీసైకిలింగ్ డబ్బాలో వేసొస్తాను. చెత్త బండిలో ప్రెస్ ఉంటుంది. అందులో ఇవి నలిగితే మంట లేస్తుంది. బండి నడిపేవాడి ప్రాణం మీదికొస్తుంది."

"అది వాళ్ళ కంపెనీ చూసుకుంటుంది లెండి. మీరిలా చెత్తలో చేతులు పెడుతుంటే మన ఇండియన్స్ గురించి ఏమనుకుంటారు?"

"చేతులదేముంది బాబూ, కడుక్కుంటే పోతుంది" అని ముసలాయన మళ్ళీ బిన్‌లోకి వంగాడు.

రఘువీర్ ఫోటో తీసి కాంప్లెక్స్ లీజింగ్ ఆఫీసుకు పంపాడు. సెక్యూరిటీ గార్డ్ వచ్చాడు. ఇంకోసారి కనిపిస్తే పోలీసులను పిలుస్తానని చెప్పి, ముసలాయనను గేటు వైపు నడిపించాడు.

ఆయన నడుస్తూనే వెనక్కి తిరిగాడు.

"బాబూ, మీరైనా ఒక మాట చెప్పండి. బ్యాటరీలు ఇందులో వేయొద్దని మీవాళ్ళందరికీ చెప్పండి బాబూ."

గార్డ్‌కు తెలుగు రాదు. రఘువీర్‌కు వచ్చు.

అతడు కారు అద్దం పైకెత్తుకున్నాడు.

నాలుగు రోజుల తర్వాత ఒక సాయంత్రం రఘువీర్ పాత లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. కొన్నాళ్ళుగా అది సతాయిస్తోంది. నలభై శాతం చార్జ్ ఉందని చూపిస్తూనే ఠక్కున ఆరిపోతోంది.

మొదట అతడు పద్ధతిగానే వెళ్ళాడు. చార్జర్ మార్చి చూశాడు. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసి, మళ్ళీ పూర్తిగా నింపి చూశాడు. రిపోర్ట్ తీస్తే, కొత్తలో పట్టిన దానిలో మూడో వంతు చార్జ్ కూడా ఇప్పుడు పట్టడం లేదని తేలింది.

సాక్ష్యం అంత స్పష్టంగా ఉన్నప్పుడు ఇంజనీర్ అయినవాడు అక్కడ ఆగాలి. రఘువీర్ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో సలహా అడిగాడు.

"ఫ్రీజర్‌లో పెట్టండి బ్రో. నాకు వర్క్ అయింది" అన్నాడు అవినాష్.

లాప్‌టాప్ కొబ్బరి తురుముకూ కరివేపాకు ప్యాకెట్‌కూ మధ్య ఒక రోజంతా పడుకుంది. బ్యాటరీలోని లిథియానికి వాట్సాప్ చదవడం రాదు. బయటికి తీసి మళ్ళీ చార్జింగ్‌కు పెట్టేసరికి టచ్‌ప్యాడ్ కూడా బిగుసుకుపోయింది.

"ఏమిటీ వాసన?" రష్మి ముక్కు మూసుకుంది. "నెయిల్ పాలిష్ రిమూవర్‌లా... తియ్యగా... యాక్!"

అడుగు మూత విప్పారు. బ్యాటరీ పూరీలా ఉబ్బి ఉంది.

"ముందు దాన్ని ఇంట్లోంచి తీసెయ్. పాప రియా ముట్టుకుంటుంది."

"ఇలాంటివి రీసైకిలింగ్ సెంటర్‌కి తీసుకెళ్ళాలి."

"అయితే తీసుకెళ్ళు."

"ఇప్పుడు ఈ ట్రాఫిక్‌లో ఎవడు డ్రైవ్ చేస్తాడు? రేపు ఎలాగూ ట్రాష్ డే."

మర్నాడు పొద్దున్నే దాన్ని పేపర్ టవల్స్‌లో చుట్టి, రెండు కవర్లలో ముడివేసి బిన్‌లో పడేశాడు. బిన్ దగ్గర ఎవరూ లేరు. వెతికే చేతులు లేవు.

"హమ్మయ్య, ఇప్పుడు నీట్‌గా ఉంది" అనుకున్నాడు.

కాసేపటికి చెత్త బండి వచ్చింది. బిన్‌ను ఎత్తి, తలకిందులుగా దులిపి, లోపల ప్రెస్ చేసింది.

టప్పున చప్పుడైంది. తెల్లటి పొగ. దాని వెనకే మంట.

డ్రైవర్ బండి దిగి పారిపోలేదు. దాన్ని బిల్డింగ్‌లకు దూరంగా పార్కింగ్ చివరికి నడిపి, మండుతున్న చెత్తనంతా నేల మీద గుమ్మరించాడు. దిగి మంటలార్పబోతే అతని చొక్కా చేతులు అంటుకున్నాయి.

కాంప్లెక్స్ వాసులు తినగా మిగిలినవీ తుడిచి పారేసినవీ పార్కింగ్ నిండా పరుచుకుని కాలుతున్నాయి. బాల్కనీల్లో నిలబడినవారంతా తమ చెత్త కంపుకే ముక్కులు మూసుకున్నారు.

రఘువీర్, రష్మి కిందికి వచ్చేసరికి డ్రైవర్ ఫుట్‌పాత్ అంచున కూర్చుని ఉన్నాడు. పాతికేళ్ళు కూడా ఉండవు. అంబులెన్స్ వాళ్ళు కాలిన చొక్కాను కత్తిరిస్తున్నారు. చేతుల మీది చర్మం గుడ్డతో పాటే ఊడి వస్తోంది.

రష్మి మొహం తిప్పుకుంది. "పాపం, ఎవరో స్పానిష్ అబ్బాయి. రఘూ, అది మన..."

"నోర్ముయ్" అన్నాడు రఘువీర్ పళ్ళ బిగువున. "ఆ బ్యాటరీ మనదని ఎవరికీ తెలీదు. మనం మాట్లాడేది ఇక్కడ ఎవడికీ అర్థం కూడా కాదు."

డ్రైవర్ తల ఎత్తాడు. రఘువీర్ మొహంలోకి చూశాడు. ఆ తర్వాత దూరంగా బిన్ ఉన్న చోటంతా కళ్ళతో వెతికి, అమెరికన్ యాసలో ఒక్కో తెలుగు మాటా కూడబలుక్కుంటూ అడిగాడు:

"అంకుల్, ట్రాష్ డే అంటే మా నాన్న నాకంటే ముందు వచ్చి, ఆ బిన్‌లో బ్యాటరీలు తీసేస్తాడు... ఇవాళ నాన్న ఎందుకు రాలేదు?"